ఎన్‌పీటీఈఎల్ పైథాన్ కోర్సు సమీక్ష: పాఠాల వరుస భేష్, మార్కుల లెక్కలోనే చిల్లు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే కోర్సులు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. మొదటి రోజు ఇన్‌స్టలేషన్, రెండో రోజు వేరియబుల్స్, మూడో రోజు డేటా టైప్స్, ఆ తర్వాత ఆపరేటర్ల పట్టిక. అమీర్‌పేటలో నలభై అయిదు రోజుల బ్యాచ్‌లో చేరినా, యూట్యూబ్‌లో ప్లేలిస్ట్ పట్టుకున్నా దాదాపు ఇదే వరుస. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యుడు మాధవన్ ముకుంద్, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చెప్పే ‘ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ అండ్ అల్గారిథమ్స్ యూజింగ్ పైథాన్’ మాత్రం దాన్ని తిరగేసింది. మొదటి పాఠంలోనే గ.సా.భా. లెక్క వేయిస్తారు. కంప్యూటర్‌లో పైథాన్ ఎక్కించుకోవడం ఎలాగో చెప్పేది మొదటి వారం చివర్లో. ఈ ఒక్క నిర్ణయం చూస్తేనే పాఠాల ప్రణాళిక మీద ఎంత ఆలోచన పెట్టారో తెలుస్తుంది. ఆ ప్రణాళిక ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ బెడిసిందో చూద్దాం.

తెలియనివారికి ముందు కొలతలు. ఎన్‌పీటీఈఎల్‌ను ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ కోర్సులు 2014 నుంచి నడుస్తున్నాయి. ఇప్పుడు ఇవి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మీద ఉంటాయి. కోర్సులు నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలవి. ఇది ఎనిమిది వారాలది, క్రెడిట్లలో చెప్పాలంటే రెండు. వీడియోలు వారానికి రెండున్నర గంటల లెక్కన మొత్తం ఇరవై గంటలు. చేరడానికి, వినడానికి, అసైన్‌మెంట్లు పెట్టడానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి, కొన్నేళ్లుగా అది రూ.1,000. పరీక్ష మాత్రం ఇంట్లో కూర్చుని రాసేది కాదు, కేంద్రానికి వెళ్లాలి. 2018లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు పెట్టి, ఆన్‌లైన్ కోర్సుల ద్వారా మరో 20 తెచ్చుకుంటే ఆనర్స్ అన్నారు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో లోకల్ చాప్టర్ల (ఎన్‌పీటీఈఎల్ కాలేజీ కేంద్రాల) హడావుడికి అది కూడా ఒక కారణం. క్రెడిట్ కోసం చేరినవారికీ, నేర్చుకోవడానికి చేరినవారికీ ఈ కోర్సు రెండు వేర్వేరు వస్తువుల్లా కనిపిస్తుంది. ఆ తేడా మార్కుల దగ్గరికి వచ్చాక బయటపడుతుంది.

ఒకే లెక్క, నాలుగు సార్లు

గ.సా.భా. ఆరో తరగతి లెక్క. లెక్క ముందే తెలుసు కాబట్టి ధ్యాసంతా ‘దీన్ని మెషీన్‌కి ఎలా చెప్పాలి’ అన్నదాని మీదే పెట్టొచ్చు. కొత్త లెక్క, కొత్త భాష రెండూ ఒకేసారి నెత్తిన వేస్తే ఏదీ బుర్రకెక్కదు.

14, 63 తీసుకోండి. మొదటి పద్ధతి బడిలో నేర్చుకున్నదే. 14 కారణాంకాలన్నీ రాయి, 63 కారణాంకాలన్నీ రాయి, రెండింటిలోనూ ఉన్నవి ఏరు, వాటిలో పెద్దది చెప్పు. 1 నుంచి 14 వరకూ, 1 నుంచి 63 వరకూ అన్నీ భాగించి చూస్తే 77 సార్లు. ఆపైన రెండు జాబితాలను పోల్చే పని వేరే. రెండో పద్ధతిలో చిన్న గమనింపు ఒకటి వస్తుంది: ఉమ్మడి కారణాంకం 14ను దాటి ఉండదు కదా, అలాంటప్పుడు 63 దాకా పోవడం ఎందుకు? 14 చుట్లతో సరిపోతుంది, జాబితా కూడా ఒక్కటే. మూడోది ఇంకా చిన్న మార్పు. మనకు కావాల్సింది పెద్దదే అయినప్పుడు కిందనుంచి పైకి ఎందుకు, పైనుంచి కిందికి దిగితే పోలా? 14, 13, 12 అంటూ దిగితే ఎనిమిదో చుట్టులో 7 దొరుకుతుంది, జాబితాతో అసలు పనే లేదు. నాలుగోది యూక్లిడ్ పద్ధతి. 63ను 14తో భాగిస్తే శేషం 7, 14ను 7తో భాగిస్తే శేషం సున్నా. రెండే భాగహారాలు.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది యూక్లిడ్‌ను కాదు, ఆ వరుసను. లెక్క మారలేదు, జవాబు మారలేదు, ప్రతి మెట్టులోనూ మారింది ఒక్కటే విషయం. అందుకే విద్యార్థికి ఆ మార్పు మొహం మీద కొట్టినట్టు కనిపిస్తుంది. ‘సరైన ప్రోగ్రామ్ వేరు, మంచి ప్రోగ్రామ్ వేరు’ అని ఉపన్యాసం ఇవ్వకుండానే 77, 14, 8, 2 అనే అంకెలు ఆ మాట చెప్పేస్తాయి. మూడో వారంలో సమర్థత అనే మాట వచ్చేసరికి అది పాత చుట్టం.

యూక్లిడ్ పద్ధతిలోనే ఇంకో మెలిక ఉంది. శేషం బదులు తీసివేతతో చేస్తే 9999, 2 అనే జతకు 9999లోంచి రెండు రెండుగా 4,999 సార్లు తీయాలి, అప్పటికి 1 మిగులుతుంది. శేషంతో అయితే రెండు భాగహారాలు చాలు. సరదా ఏమిటంటే, ఈ జతకు పైనుంచి దిగే మూడో పద్ధతి కూడా రెండే చుట్లలో తేల్చేస్తుంది. పేరున్న పద్ధతి ప్రతిచోటా గెలవదని చూపడానికి చక్కని అవకాశం ఇది. లెక్చరర్లు తరగతిలో పిల్లల చేత వేయించి చూపొచ్చు.

ఈ వరుసకు ఖరీదు లేకపోలేదు. లిస్ట్, ఫర్ లూప్, రేంజ్, అపెండ్ అన్నీ మొదటి వారంలోనే దర్శనమిస్తాయి. వాటిని పద్ధతిగా చెప్పేది రెండో వారం. ఎప్పుడూ కోడ్ ముట్టనివారికి మొదటి మూడు వీడియోలూ పరాయి ఊళ్లో దిగినట్టుంటాయి. అయినా ఇది మేలే. రెండో వారంలో ఫర్ లూప్ గురించి విడిగా విన్నప్పుడు దాని పని ముందే చూసి ఉంటారు, పేరు మాత్రం కొత్తగా తెలుస్తుంది. నష్టం ఎక్కడంటే, ఇన్‌స్టలేషన్ చివర్లో రావడంతో అప్పటిదాకా చాలామంది సినిమా చూసినట్టు చూస్తూ కూర్చుంటారు. తెల్ల కాగితం మీద ఐ (చుట్టు చుట్టుకీ మారే అంకె), 14ను ఐతో భాగిస్తే శేషం, జాబితా అని మూడు గళ్లు గీసి చుట్టు చుట్టుకీ విలువలు రాసుకుంటూ పోండి. పావుగంట పని. అది చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా మూడో వారంలో తెలుస్తుంది.

వారాల బరువు ఒక్కలా లేదు

మూడో వారం ఈ కోర్సుకు నడుము లాంటిది. అర్రేకూ లిస్టుకూ తేడా చెప్పి, ఆ తేడా ఎందుకు ముఖ్యమో, సగానికి సగం కొట్టేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌తో చూపిస్తారు. వెయ్యి అంశాల్లో ఒకదాన్ని వెతకడానికి పది పోలికలు, పది లక్షల్లో అయినా ఇరవై. కాకపోతే అంశాలు వరుసలో ఉండాలి. వరుసలో పెట్టడం ఎలా అన్న ప్రశ్న విద్యార్థి నోట్లోంచే వస్తుంది, వెంటనే సెలెక్షన్ సార్ట్, ఇన్సర్షన్ సార్ట్. సార్టింగ్‌ను ‘యూనిట్ నాలుగు’ అని ఊడిపడ్డట్టు మొదలుపెట్టే సిలబస్‌లతో పోల్చి చూడండి. అక్కడ పిల్లవాడికి సార్టింగ్ ఒక ప్రశ్న జవాబు, పది మార్కులు. ఇక్కడ అది ముందు పాఠం మిగిల్చిన అవసరం. పాఠానికీ పాఠానికీ మధ్య ఆ ముడి ఉంటే విడిగా బట్టీ పట్టాల్సిన పని తగ్గుతుంది.

అదే వారంలో రికర్షన్, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, చెబుతూ, పైథాన్ దానికి పెట్టిన హద్దు గురించి కూడా చెబుతారు. హద్దు మామూలుగా 1,000 పిలుపుల దగ్గర ఉంటుంది. ఇన్సర్షన్ సార్ట్‌ను రికర్షన్‌తో రాసి రెండు వేల అంశాల జాబితా ఇస్తే ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. కోడ్ తప్పు కాదు, హద్దు తగిలింది. ఈ సంగతి చెప్పని కోర్సుల్లో చదివినవాళ్లు లేని తప్పు కోసం గంటల తరబడి వెతుక్కుంటారు.

నాలుగో వారం మాత్రం బండికి మించిన బరువు. మెర్జ్ సార్ట్, క్విక్ సార్ట్, వాటి విశ్లేషణ, టపుల్స్, డిక్షనరీలు, ఫంక్షన్లకు ఆర్గ్యుమెంట్లు ఇచ్చే రకరకాల పద్ధతులు, లిస్ట్ కాంప్రహెన్షన్. ఇందులో రెండు వారాల సరుకుంది. సార్టింగ్ భాగానికీ డిక్షనరీ భాగానికీ ముడి కూడా లేదు, అంతదాకా ఉన్న ధార ఇక్కడ తెగింది. ఐదో వారం దీనికి పూర్తిగా తలకిందులు: ఎర్రర్లు పట్టుకోవడం, కీబోర్డు నుంచి తీసుకోవడం, తెరమీద చూపడం, ఫైళ్లు, స్ట్రింగ్ పనులు. తేలిక. ఆ వారంలో మిగిలిన సమయం నాలుగో వారం బాకీ తీర్చడానికే అనుకుని ముందే రాసిపెట్టుకోండి. మెర్జ్ సార్ట్‌లో రెండు జాబితాలు కలిపే ముక్క ఒక్కటి చూడకుండా రాయగలిగితే బాకీ తీరినట్టే. అక్కడ తప్పు పడేది ఎక్కువగా ఒకేచోట: ఒక జాబితా అయిపోయాక రెండోదాంట్లో మిగిలినవి చేర్చడం మరిచిపోతారు. 3, 8, 9 ఉన్న జాబితాను 1, 2తో కలిపి చూస్తే దొరికిపోతుంది.

కీబోర్డు నుంచి తీసుకునే పాఠం ఐదో వారానికి వాయిదా వేయడం మీద మాకు అభ్యంతరం ఉంది. అప్పటిదాకా అసైన్‌మెంట్లలో ఫంక్షన్ మాత్రం రాయమంటారు, విలువలు అందించే పని, కోడ్‌ను దిద్దే ప్రోగ్రామ్ అయిన గ్రేడర్ చూసుకుంటుంది. ఆలోచన ఫంక్షన్ మీద నిలవాలన్న ఉద్దేశం మంచిదే. కానీ కాలేజీ ల్యాబ్‌లో మొదటి రోజు నుంచీ ఇన్‌పుట్, ప్రింట్ అంటారు, బయట ప్రాక్టీస్ సైట్లలోనూ అంతే. రెండూ కలిపి చేసే పిల్లవాడు రిటర్న్‌కీ (జవాబు తిరిగివ్వడం) ప్రింట్‌కీ (తెరమీద చూపడం) తేడా తెలియక తన్నుకులాడతాడు. ఫంక్షన్ లోపల ప్రింట్ పెట్టి, రిటర్న్ మరిచి, గ్రేడర్ నుంచి ‘నన్’, అంటే ఏమీ లేదు, అనే జవాబు తెచ్చుకుని తలపట్టుకుంటాడు. రెండో వారంలో ఐదు నిమిషాల వీడియో ఒకటి అదనంగా పెడితే తీరిపోయే చిక్కు ఇది.

ఆరో వారంలో అసలు గోడ. చదరంగం బల్ల మీద ఒకదాన్నొకటి చంపుకోకుండా ఎనిమిది క్వీన్లను, అంటే మన లెక్కన మంత్రులను, పెట్టే చిక్కుతో బ్యాక్‌ట్రాకింగ్ మొదలవుతుంది. దీనికి 92 జవాబులు ఉన్నాయి. ఎనిమిదితో నేరుగా మొదలుపెట్టడం వల్ల ‘వెనక్కి రావడం’ అన్న అసలు కదలిక కంటికి ఆనదు. మధ్యలో ఒక మెట్టు మీరే వేసుకోండి. నాలుగేసి గళ్ల నాలుగు వరుసల బల్ల గీసి నాలుగు మంత్రులతో చేయండి. మొదటి వరుసలో మంత్రిని మొదటి గడిలో పెడితే ఎటు పోయినా దారి మూసుకుపోతుంది, అన్నీ తీసి మళ్లీ మొదటికి రావాలి. రెండో గడిలో పెడితే 2, 4, 1, 3 అని కుదురుతుంది. నాలుగు గళ్ల బల్లకు ఉన్నవి రెండే జవాబులు, రెండోది దీని అద్దంలో నీడ. పది నిమిషాల్లో వేలితో నడిచి చూసిన దారే తర్వాత కోడ్‌లో ఎదురవుతుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తు చూసుకోవడమంటే ఇదే. మొదటి వారంలో గ.సా.భా.తో అంత ఓపికగా చేసిన పని ఇక్కడ చేయలేదు.

ఏడో వారంలో క్లాసులు, మనమే కట్టుకునే లిస్టులు, సెర్చ్ ట్రీలు. ఎనిమిదో వారంలో మెమొయిజేషన్, డైనమిక్ ప్రోగ్రామింగ్. ఎనిమిదోది మళ్లీ మొదటి వారం స్థాయిలో ఉంది. ఫిబొనాచీ ఐదో సంఖ్య కోసం రికర్షన్‌ను గుడ్డిగా పిలిస్తే 15 పిలుపులు. ముప్ఫయ్యోదానికి దాదాపు 27 లక్షలు. ఒకసారి కనుక్కున్నదాన్ని రాసిపెట్టుకుంటే 59. ఆ తర్వాత గడుల బల్ల మీద దారులు లెక్కపెట్టే పాఠం. ఐదు అడుగులు ఒకవైపు, పది అడుగులు ఇంకోవైపు వెళ్లాలంటే 3,003 దారులు. దీనికి ఇంటర్ కాంబినేషన్ సూత్రం చాలు. మధ్యలో ఒక గడి మూసేస్తే సూత్రంతో ఎలాగోలా లాగొచ్చు, మూసిన గడులు పెరిగేకొద్దీ లెక్క చిక్కుపడుతుంది, అప్పుడు గడి గడికీ నింపుకుంటూ పోవాల్సిందే. అవసరం ముందు, పద్ధతి తర్వాత. ఇంటర్వ్యూల్లో తిప్పి తిప్పి అడిగేది ఈ రెండు వారాల సరుకునే. చాలామంది వదిలేసేది కూడా ఈ రెండు వారాలనే. ఎందుకో కింద చెబుతాం.

వీడియోలు, భాష

వీడియోలు సాధారణంగా పదిహేను ఇరవై నిమిషాలవి. ఎడ్‌ఎక్స్ వేదిక మీద 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల శ్రద్ధ ఆరు నిమిషాల దాకా నిలిచి, అక్కడినుంచి జారుతుందని తేలింది. ఆ కొలతన ఇవి పొడుగే. కాకపోతే ఇందులో ప్రతి వీడియోకూ ఒకే విషయం, స్లైడ్ల మధ్య కోడ్ నడిపి చూపే చోట్లు ఉంటాయి కాబట్టి సహజంగా ఆగే జాగాలు దొరుకుతాయి. కోడ్ నడపబోయే ముందు ఆపండి. ఏం వస్తుందో కాగితం మీద రాయండి. తర్వాత ప్లే నొక్కండి. తప్పు రాసినా సరే, అలా రాసినవాళ్లకు అసలు జవాబు గుర్తుండిపోతుంది.

ఇంగ్లిష్ మాట స్పష్టంగా, తొందర లేకుండా ఉంటుంది. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివినవాళ్లు కూడా కింద క్యాప్షన్లు పెట్టుకుంటే రెండో వారానికి అలవాటు పడతారు. కొన్ని ఎన్‌పీటీఈఎల్ కోర్సులకు తెలుగు అనువాద పాఠాలు కూడా దొరుకుతాయి. వాటిని వీడియో బదులు కాకుండా వీడియో పక్కన పెట్టుకుని వాడండి, కోడ్‌లో రాయాల్సిన మాటలు ఎలాగూ ఇంగ్లిష్‌వే.

రికార్డింగ్ పాతది. ముద్రించే పాఠంలో ఫార్మాట్ అనే పద్ధతి నేర్పుతారు. 2016 డిసెంబరులో పైథాన్ 3.6తో వచ్చిన ఎఫ్-స్ట్రింగ్స్ ఇందులో లేవు, ఇప్పుడు బయట అందరూ రాసేది అవే. డిక్షనరీలో కీలు ఏ వరుసలో వస్తాయో నమ్మొద్దన్నది కూడా పాత మాటే. పైథాన్ 3.7 నుంచి చేర్చిన వరుసలోనే వస్తాయన్నది భాష ఇచ్చే హామీ. ఇవి రెండూ అరగంటలో సర్దుకునే విషయాలు, వీటి కోసం కోర్సును తీసిపారేయక్కర్లేదు.

అసైన్‌మెంట్లు: ఒకటి వెంటనే పలుకుతుంది, ఇంకోటి మూగ

ఇక్కడ రెండు రకాల పని ఉంటుంది. క్విజ్‌లో జవాబులు పెట్టాక గడువు దాటేదాకా, అంటే సాధారణంగా బుధవారం రాత్రి 11:59 దాకా, ఒప్పో తప్పో తెలియదు. గడువులోపు ఎన్నిసార్లైనా మార్చి పెట్టుకోవచ్చు, ఆఖరిసారి పెట్టిందే లెక్క. వినడానికి ఉదారంగా ఉన్నా నేర్చుకోవడానికి ఇది చేటు. పాఠం విన్న రోజే క్విజ్ రాసినవాడికి ఫలితం తెలిసేసరికి వచ్చే వారం పాఠాలు వచ్చేసి ఉంటాయి. పాత తప్పు తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది? అందుకే క్విజ్ పెట్టిన రోజే ప్రతి ప్రశ్నకూ ఎందుకు ఆ జవాబు ఎంచుకున్నారో ఒక వాక్యం నోట్‌బుక్‌లో రాసుకోండి. జవాబులు బయటపెట్టాక ఆ వాక్యంతో పోల్చుకోండి. తప్పు ఆప్షన్ ఎంచడం చిన్న విషయం, ఏ నమ్మకంతో ఎంచారన్నదే దిద్దుకోవాల్సింది.

ప్రోగ్రామ్ అసైన్‌మెంట్ అలా కాదు. కోడ్ పెట్టగానే కనిపించే పరీక్షలు కొన్ని, గడువు దాకా కనిపించని ప్రైవేట్ పరీక్షలు కొన్ని. కోర్సు మొత్తంలో నిజంగా నేర్పేది ఈ భాగమే. కనిపించేవన్నీ పాసై ప్రైవేట్‌వి తప్పడానికి చాలాసార్లు కారణాలు ఇవే: ఖాళీ జాబితా ఇస్తే ఏమవుతుందో చూడకపోవడం. ఇచ్చిన జాబితానే మార్చేయడం. ఒక జాబితాను ఇంకో పేరుకు సమానం చేస్తే కాపీ అయిందనుకోవడం. అది కాపీ కాదు, ఒకే ఇంటికి రెండు తలుపులు, ఒక తలుపులోంచి సామాను తీస్తే రెండో తలుపులోంచీ కనపడదు. కాపీ కావాలంటే పూర్తి స్లైస్ (మొదటి నుంచి చివరి దాకా ముక్క) తీయాలి. నాలుగోది ఒకే విలువ రెండుసార్లు వచ్చే సందర్భం, ముఖ్యంగా ‘అతి పెద్దదాని తర్వాతది’ లాంటి ప్రశ్నల్లో.

గ్రేడర్ ‘ప్రెజెంటేషన్ ఎర్రర్‌ను పట్టించుకోకుండా పాస్’ అనే అర్థం వచ్చే సందేశం ఇస్తే కంగారు పడొద్దు. చివర్లో ఒక ఖాళీ జాగానో, కొత్త లైనో ఎక్కువైందని దానర్థం. ప్రింట్‌లో ముగింపును ఖాళీగా పెడితే పోతుంది. దీని కోసమే చర్చావేదికలో ప్రతిసారీ బోలెడు ప్రశ్నలు పడుతుంటాయి.

కోర్సులో లేనిది ఒకటుంది, అది పెద్ద లోటు. ఏ వారం క్విజ్ ఆ వారం పాఠాల చుట్టూనే తిరుగుతుంది. రెండో వారంలో చదివినదాన్ని ఆరో వారంలో గుర్తు తెచ్చుకోమని అడిగే ఏర్పాటు లేదు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు ముందున్నారు. ఎనిమిది వారాల కోర్సులో పరీక్ష కోర్సు ముగిశాక ఎప్పుడో ఉంటుంది కాబట్టి రెండో రకం చదువే కావాలి, కోర్సు మాత్రం మొదటి రకానికి వీలుగా కట్టి ఉంది.

మార్కుల లెక్క

ఎన్‌పీటీఈఎల్ సాధారణ నియమం ఇది: అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. ఎనిమిది అసైన్‌మెంట్లలో మంచివి ఆరు తీసుకుంటారు. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 వస్తే సర్టిఫికెట్. మొత్తం 60 నుంచి ఎలీట్, 75 నుంచి వెండి, 90 నుంచి బంగారం. ప్రోగ్రామింగ్ కోర్సుల్లో క్విజ్, ప్రోగ్రామ్, పరీక్ష వాటాలను వేరుగా సర్దుతుంటారు కాబట్టి మీ సెమిస్టర్ కోర్సు పేజీ చూసుకోండి. కింది లెక్క సాధారణ నియమం మీద వేసింది.

ఎనిమిదిలో ఆరు అన్నది జ్వరం వచ్చినవాడి కోసం, ఊళ్లో పెళ్లికి వెళ్లినవాడి కోసం పెట్టిన వెసులుబాటు. జరిగేది వేరు. మొదటి ఆరు వారాలూ నిండు మార్కులు తెచ్చుకున్నవాడు ఏడు, ఎనిమిది వారాలు తెరవకపోయినా 25కి 25. పరీక్షలో వారానికి సమానంగా ప్రశ్నలు వస్తాయనుకుంటే ఆరు వారాల వాటా 75లో 56. కలిపితే 81. అంటే సెర్చ్ ట్రీ మొహం చూడకుండా, డైనమిక్ ప్రోగ్రామింగ్ పేరు వినకుండా వెండి సర్టిఫికెట్ చేతికొస్తుంది. సరిగ్గా ఆ రెండు వారాలే కాలేజీ మిడ్ పరీక్షలతో ఢీకొంటే ఇక చెప్పేదేముంది! పాఠాల వరుస ఎంత జాగ్రత్తగా పేర్చినా, మార్కులు ఎటు లాగితే పిల్లలు అటే పోతారు. చివరి రెండు వారాల్లో కనీసం ఒక అసైన్‌మెంట్ తప్పనిసరి అంటే ఈ చిల్లు పూడుతుంది.

రెండో చిల్లు అందరికీ తెలిసిందే. జవాబుల కాగితాలు టెలిగ్రామ్ గ్రూపుల్లో గడువుకు ముందే తిరుగుతుంటాయి. వాటితో 25 తెచ్చుకున్నవాడికి పరీక్షలో 30 వస్తే మొత్తం 55, క్రెడిట్లు ఖాతాలో. ఆ సర్టిఫికెట్ మీద అసైన్‌మెంట్ మార్కు, పరీక్ష మార్కు విడివిడిగా ఉంటాయని మాత్రం గుర్తుంచుకోండి. 25 పక్కన 30 కనిపిస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఎలా వాడుకుంటే దక్కుతుంది

వారానికి రెండున్నర గంటల వీడియోను ఆదివారం గంపగుత్తగా ఒకటిన్నర వేగంతో చూసేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మూడు రోజులకు విరవండి. రోజుకు రెండు మూడు వీడియోలు, ప్రతి వీడియో అయ్యాక తెర మూసి అందులోని కోడ్‌ను చూడకుండా టైప్ చేయడం. నాలుగో రోజు ప్రోగ్రామ్ అసైన్‌మెంట్ మొదలుపెట్టాలి, గడువు రోజు కాదు. చిక్కుబడ్డాక ఒక రాత్రి వదిలేసే వీలుండాలి. ఐదో రోజు క్విజ్. ఆరో రోజు పావుగంట పాత వారాలకు: మూడు చీటీలు తీసి, రెండు వారాల కింద పాఠంలోంచి ఒక ఫంక్షన్, నాలుగు వారాల కిందిది ఒకటి, నిన్నటిది ఒకటి రాయాలి. మొత్తం కలిపి వారానికి ఆరేడు గంటలు. అంత సమయం లేదనుకుంటే ఈ సెమిస్టర్‌లో చేరకండి, వీడియోలు ఎక్కడికీ పోవు.

కాలేజీల్లో మెంటర్లుగా ఉన్న లెక్చరర్లకు ఒక సూచన. ‘అసైన్‌మెంట్ పెట్టారా?’ అని వాట్సాప్‌లో గుర్తు చేయడంతో మెంటర్ పని అయిపోతే కోర్సు వల్ల ఒరిగేది లేదు. వారానికి రెండు గంటల ల్యాబ్ దొరికితే ఇలా వాడి చూడండి. మొదటి పది నిమిషాలు ఖాళీ కాగితం, పాత వారం ఫంక్షన్ ఒకటి. తర్వాత ఇరవై నిమిషాలు తప్పున్న ప్రోగ్రామ్ ఇచ్చి ఏ విలువకు చెడుతుందో వెతికించడం. బైనరీ సెర్చ్ దీనికి బంగారం. కుడి సగంలోకి వెళ్లేటప్పుడు మధ్య స్థానాన్ని వదలకుండా అక్కడినుంచే మొదలుపెడితే, చివర్లో ఒకటి రెండు అంశాలు మిగిలాక ప్రోగ్రామ్ అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఎందుకో పిల్లలు బోర్డు మీద అంకెలు వేసి చెప్పాలి. ఆపైన గంట సేపు ఎవరి అసైన్‌మెంట్ వాళ్లది. మిగిలిన అరగంటలో పక్కవాడి కోడ్‌కు ఖాళీ జాబితా, ఒకే అంశం ఉన్న జాబితా, అన్నీ ఒకే విలువ ఉన్న జాబితా ఇచ్చి పగలగొట్టమనండి. కాపీ కొట్టినవాడు ఈ అరగంటలో దొరికిపోతాడు, ఎవరూ వేలెత్తి చూపక్కర్లేదు.

ఎవరికి సరిపోతుందంటే, సీ భాష ఒక సెమిస్టర్ చదివిన బీటెక్ రెండో ఏడాది వాళ్లకు ఇది కొలిచి కుట్టినట్టుంటుంది. బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లకూ అంతే. ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లు నాలుగో వారంలో కూలబడతారు, వాళ్లు ముందు ఏదైనా చిన్న పరిచయ కోర్సు నెల రోజులు చేసి రావాలి. డేటా అనాలిసిస్, దానికి వాడే పాండాస్ కోసం వెతికేవాళ్లకు ఇందులో ఏమీ లేదు. ఇప్పటికే లీట్‌కోడ్ అనే ప్రాక్టీస్ సైట్‌లో వంద లెక్కలు చేసినవాళ్లు మొదటి ఐదు వారాలు దాటేసి ఆరు నుంచి మొదలుపెట్టొచ్చు, వీడియోలకు ఫీజు ఎలాగూ లేదు.

మా మార్కులు: పాఠాల వరుసకు పదికి తొమ్మిది, నాలుగు, ఆరు వారాల వల్ల ఒకటి తగ్గింది. ప్రోగ్రామ్ అసైన్‌మెంట్లకు ఎనిమిది. క్విజ్‌లకు నాలుగు. మార్కుల పద్ధతికి మూడు. పరీక్షకు కట్టే వెయ్యి రూపాయలు కట్టాలా వద్దా అన్నది ఏడో వారం అసైన్‌మెంట్ మీరే చేయగలిగారా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకుంటే బాగుండేది. కానీ రిజిస్ట్రేషన్ గడువు కోర్సు మధ్యలోనే ముగిసిపోతుంది కాబట్టి ఆ కొలమానం నాలుగో వారం మెర్జ్ సార్ట్ దగ్గరే పెట్టుకోవాలి.